మధ్యలో ఆగితే చేతిలో ఏముంటుంది? చాందా, సిరోంచ పిల్లలకు పర్యావరణ ఆరోగ్య కొలువుల్లో నాలుగు దారులు

మా ల్యాబ్‌లో వాడే ఫిల్టర్ పేపర్ ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు ఉంటుంది. పాలలా తెల్లగా ఉంటుంది. ముందు బరువు తూచి, మేడ మీద శాంప్లర్‌లో (గాలి లాగి దుమ్ము పట్టే యంత్రం) బిగించి, ఎనిమిది గంటలు గాలి లాగించి చిమటాతో పైకెత్తితే, రబ్బరు బిగిసిన అంచు మాత్రమే తెల్లగా మిగులుతుంది. మధ్యంతా బూడిద రంగు. బొగ్గు బావుల వైపు పెడితే నలుపే. మసి పట్టిన వైపు లోపలికి మడిచి కవర్లో పెట్టాలి. వేలు తగిలిందా, ఆ రోజు కష్టమంతా పోయినట్టే. మా బాపు ముప్పై ఏళ్ళు ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపాడు. నేను పనిలో చేరిన కొత్తలో ఆ కాగితం ఫోటో చూపిస్తే, కాసేపు చూసి, "ఇది నా రుమాలు లెక్కనే ఉన్నది గదరా" అన్నాడు.

గాలి, నీళ్ళు, దుమ్ము, చెత్త, పురుగుమందు మనిషి ఒంటికి ఏం చేస్తున్నాయో కొలిచి, రాసి, ఆపించే పనినే పర్యావరణ ఆరోగ్యం అంటున్నారు. ఈ పనికి మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న మా చంద్రపూర్ (పాత పేరు చాందా) జిల్లాలో కరువు లేదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్యం లెక్కన మార్కులు వేస్తే చంద్రపూర్‌కి 83.88 వచ్చాయి, దేశంలో నాలుగో స్థానం. పదో తరగతిలో అన్ని మార్కులొస్తే స్వీట్లు పంచేవాళ్ళం. 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, దాని చుట్టూ బొగ్గు బావులు, గడ్చాందూర్ వైపు సిమెంటు, బల్లార్షాలో కాగితం మిల్లు. పక్క జిల్లా యవత్మాళ్‌లో 2017లో పత్తి చేలల్లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ దుమ్ము, ఈ మందు మింగిన ఇళ్ళలో మన తెలుగిళ్ళు చాలా ఉన్నాయి. కొలిచే వైపు మాత్రం మనం తక్కువ. నేను చూసినంతలో శాంప్లర్ మోసి మేడెక్కించేది మనవాళ్ళు, రిపోర్టు మీద సంతకం పెట్టేది వేరే ఊళ్ళ వాళ్ళు.

చాందాలో, పక్కనున్న గడ్చిరోలి జిల్లా సిరోంచలో, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ మాట్లాడుతూ పెరిగి, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నా. మాదిగ, మాల, నేతకాని, గోండు, కోలాం, పద్మశాలి, గొల్ల, ఏ ఇంటి పిల్లలైనా సరే. వాళ్ళకు దారి చూపాలనుకునే టీచర్లు, అన్నలు, అక్కలు కూడా చదవొచ్చు. ఆ మాటకొస్తే చివరి భాగం వాళ్ళ కోసమే.

దేనితో కొలవాలి

కోర్సు ఎంచుకునేటప్పుడు అందరూ ముందు అడిగేది "జీతం ఎంత" అని. మన ఇళ్ళలో నేనైతే ఆ ప్రశ్నను నాలుగో స్థానంలో పెడతా. మొదటిది ఇది: మధ్యలో ఆగిపోతే చేతిలో ఏముంటుంది? బాపుకు ఒంట్లో బాగుండదు, అక్క పెళ్ళి కుదురుతుంది, కాంట్రాక్టు పని పోతుంది. మన పిల్లలు చదువు ఆపేది బుర్ర చాలక కాదు, ఇలాంటి వాటివల్లే. ఐదేళ్ళ కోర్సులో మూడో ఏట ఆగితే ఏ కాగితమూ చేతికి రాని దారి, పైకి ఎంత బాగా కనిపించినా మనకు ప్రమాదమే.

రెండోది దాఖలా, అంటే సర్టిఫికెట్. జాతి దాఖలా (కుల ధ్రువపత్రం), దాని వ్యాలిడిటీ (అది సరైనదేనని పరిశీలించి ఇచ్చే కాగితం), డొమిసైల్ (ఈ రాష్ట్ర నివాసి అనే కాగితం). సరిహద్దు జిల్లాల్లో తెలుగువాళ్ళకు ఇది చదువంత పెద్ద విషయం, కింద విడిగా రాశాను. మూడోది భాష: పరీక్ష ఏ భాషలో, పని ఏ భాషలో. నాలుగోది జీతం, అదీ మొదటి జీతం ఎన్నేళ్ళకు చేతికొస్తుందన్న లెక్కతో కలిపి. ఐదోది పైకి మెట్లున్నాయా, లేక చేరిన కుర్చీలోనే రిటైరవుతామా. ఒంటికి ఎంత ముప్పు అన్నది ఆరోది. బాపు బావిలో మింగిన దుమ్మును మనం కొలిచే పేరుతో మళ్ళీ మింగితే ఎలా? మాస్కు, బూట్లు కంపెనీ ఇస్తుందా అని ఇంటర్వ్యూలోనే అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

| దారి | పన్నెండు తర్వాత ఎన్నేళ్ళు | మధ్యలో ఆగితే | భాష | దగ్గర్లో పని |
|---|---|---|---|---|
| శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా | 1 | పోయేది ఒక్క ఏడాదే | మరాఠీ బలంగా రావాలి | మున్సిపాలిటీ, జిల్లా పరిషత్, ఆసుపత్రులు |
| బీఎస్సీ కెమిస్ట్రీ లేదా పర్యావరణ శాస్త్రం | 3 | ఏడాది, రెండేళ్ళ కాగితాలు వస్తాయి, విలువ తక్కువ | ఇంగ్లిష్, కొంత మరాఠీ | నీటి ల్యాబులు, ప్రైవేటు ల్యాబులు, ఫ్యాక్టరీలు |
| పాలిటెక్నిక్, తర్వాత సేఫ్టీ డిప్లొమా | పది తర్వాతే 3, ఆపైన అనుభవం, 1 | పాలిటెక్నిక్ పూర్తయితే చాలు, పని దొరుకుతుంది | ఇంగ్లిష్ చదువు. పనిలో హిందీ, తెలుగు, మరాఠీ | సిమెంటు, కరెంటు, ఉక్కు, గనులు |
| ఏదైనా డిగ్రీ, తర్వాత ప్రజారోగ్యంలో పీజీ | 5 | డిగ్రీ మిగులుతుంది | ఇంగ్లిష్ | తక్కువ. బయటికి వెళ్ళాలి |

మొదటి దారి: శానిటరీ ఇన్‌స్పెక్టర్

ఏడాది చదువు. పన్నెండు పాసైతే చేరొచ్చు. అఖిల భారత స్థానిక స్వపరిపాలన సంస్థ ఈ డిప్లొమాను చాలాకాలంగా నడుపుతోంది. ఐటీఐల్లో హెల్త్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ అని ఒక ట్రేడ్ కూడా ఉంది. చెత్త ఎత్తడం, మురుగు, తాగునీటిలో క్లోరిన్, హోటళ్ళ తనిఖీ, దోమలు, జబ్బులు ప్రబలినప్పుడు ఇంటింటి సర్వే, ఇవన్నీ ఈ పనిలోకే వస్తాయి. నా లెక్కన పర్యావరణ ఆరోగ్యానికి ఇదే అసలు ముంగిలి. పెద్ద చదువుల వాళ్ళు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, ఊళ్ళో అతిసారం వస్తే మొదట బావి దగ్గరికి వెళ్ళేది ఈ మనిషే.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం, వచ్చినా పరీక్షలో మరాఠీ పేపరు ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు వ్యాకరణం దగ్గర జారిపోతారు. మంచి గైడు పట్టుకుని ఆరు నెలలు కూర్చుంటే దాటొచ్చు, మా తమ్ముడు దాటాడు. రెండోది, ప్రైవేటు సంస్థల గుర్తింపు. మా మేనబావ ఒకచోట ఫీజు కట్టి, ఏడాది చదివి, సర్టిఫికెట్ తీసుకుని భర్తీకి వెళ్తే ఆ కాగితం చెల్లదన్నారు. చేరేముందు గత భర్తీ నోటిఫికేషన్ తీసి, అందులో అడిగిన డిప్లొమా పేరు, ఇచ్చే సంస్థ పేరు అక్షరం పొల్లు పోకుండా సరిచూసుకోండి. గేటు మీద బోర్డు చూసి నమ్మొద్దు.

మూడోది మాట్లాడటానికి ఇబ్బందిగా ఉండే విషయం. చీపురు పట్టి బతికిన ఇళ్ళలో "శానిటరీ" అన్న మాట వింటేనే ముఖాలు మాడిపోతాయి. "మా తాత నుంచి ఇదే, నా బిడ్డ కూడానా" అని ఒక తల్లి నా ముందే ఏడ్చింది. ఆమెది న్యాయమైన బాధ. ఇన్‌స్పెక్టర్ పని వేరు, ఊడ్చే పని వేరు అని మనం సులువుగా అనేస్తాం, కానీ ఆఫీసులో ఆ పిల్లవాడిని పేరుతో పిలుస్తారా, కులంతో చూస్తారా అన్నది ఆమెకు మనకన్నా బాగా తెలుసు. పిల్లకు ఇష్టం లేకపోతే ఈ దారి మీద ఒత్తిడి పెట్టొద్దు.

రెండో దారి: బీఎస్సీ, ల్యాబ్

నేను వచ్చిన దారి ఇదే, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, చూసుకోండి.

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కాలేజీలు 2011లో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. బీఎస్సీలో పర్యావరణ శాస్త్రం ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు, కెమిస్ట్రీ తీసుకోవచ్చు. రెంట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే కెమిస్ట్రీ తీసుకోండి. "పర్యావరణం" అని పేరు లేకపోతే ఆ రంగంలోకి రానివ్వరని పిల్లలు అనుకుంటారు. నిజానికి ల్యాబ్‌లో రోజూ చేసేది టైట్రేషన్, స్పెక్ట్రోఫోటోమీటర్, తూకం. కెమిస్ట్రీ వాడు ఫ్లోరైడ్ కొలవగలడు, సిమెంటు ఫ్యాక్టరీ క్వాలిటీ కంట్రోల్‌లో కూడా చేరగలడు. రంగం మారినా అన్నం దొరుకుతుంది. పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీలో చదువుకోవచ్చు.

మధ్యలో ఆగే సంగతి. కొత్త విద్యా విధానంలో ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇచ్చి బయటికి పంపే ఏర్పాటు ఉంది. బాగుంది గానీ, ఆ కాగితాలు చూసి ఉద్యోగమిచ్చిన ల్యాబ్‌ను నేనింకా చూడలేదు. ఉపయోగం ఒకటే: క్రెడిట్లు పోవు, తర్వాత తిరిగొచ్చి మిగతాది పూర్తి చేయొచ్చు. కాబట్టి ఆగాల్సి వస్తే చెప్పకుండా మానేయకండి, కాగితం రాసిచ్చి, ఆ ఏడాది సర్టిఫికెట్ తీసుకుని ఆగండి.

పని ఎక్కడ? మహారాష్ట్రలో భూజల సర్వేక్షణ సంస్థకు జిల్లాల్లో నీటి ల్యాబులున్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ వచ్చాక నీటి పరీక్షల పని పెరిగింది, ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు కిట్టుతో పరీక్ష చేయడం నేర్పారు. కిట్టు చూసే ఉంటారు: చిన్న సీసాలో నీళ్ళు, రెండు మూడు చుక్కల మందు, పక్కన రంగుల అట్ట. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. చంద్రపూర్, యవత్మాళ్ జిల్లాల్లో పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పిల్లలను చూస్తే ఆ అర మిల్లీగ్రాము ఎంత పెద్దదో తెలుస్తుంది. కిట్టు పట్టిన ఆ ఐదుగురిలో ఒకరి కూతురు మీ క్లాసులో ఉంటే, ఆ పిల్లకు ఈ దారి చెప్పండి. ఇంట్లో సగం ల్యాబ్ ఉన్నట్టే.

ప్రైవేటు ల్యాబుల్లో కొత్తవాళ్ళకు జీతం తక్కువే, దాచేది లేదు. పైగా మొదటి రెండేళ్ళు మేడలెక్కడం, చిమ్నీల మీద పోర్ట్‌హోల్ (పొగ శాంపిల్ తీసే రంధ్రం) దగ్గర నిలబడటం, రాత్రి షిఫ్ట్‌లో కాగితం మార్చడం. ఆడపిల్లలను ఫీల్డ్‌కు పంపరు, లోపల తూకం దగ్గరే కూర్చోబెడతారు. అది మర్యాద అనుకుంటారు గానీ ఫీల్డ్ అనుభవం లేదని ప్రమోషన్ దగ్గర పక్కన పెట్టేది కూడా వాళ్ళే. చేరిన నెలలోనే "నన్నూ సైటుకు పంపండి" అని అడగాలి.

పైకి మెట్టు మాత్రం ఈ దారిలో అన్నిటికన్నా బాగుంది. నాగపూర్‌లో నీరీ ఉంది. 1958లో ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థగా మొదలై, 1974లో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ అయింది. ఎమ్మెస్సీ అయ్యాక అక్కడ ప్రాజెక్టుల్లో పని దొరికితే పీహెచ్‌డీ దాకా వెళ్ళొచ్చు. చాందా నుంచి పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి ఆ గేటు ముందుంటాం. ఎంతమంది టీచర్లు పిల్లలను తీసుకెళ్ళి ఆ గేటు చూపించారు?

మూడో దారి: పాలిటెక్నిక్, సేఫ్టీ

పదో తరగతి తర్వాత మూడేళ్ళు. త్వరగా సంపాదించాల్సిన ఇళ్ళకు ఇదే బాగా కుదురుతుంది. సివిల్, మెకానికల్, కెమికల్, ఏదైనా పరవాలేదు. డిప్లొమాతో ఫ్యాక్టరీలో చేరి, అనుభవం వచ్చాక పారిశ్రామిక భద్రతలో అడ్వాన్స్‌డ్ డిప్లొమా చేస్తే సేఫ్టీ ఆఫీసర్ కావచ్చు. ముంబయి సయాన్‌లోని కేంద్ర కార్మిక సంస్థ ఈ రంగంలో పేరున్నది.

ఇక్కడ ఒక మోసం జాగ్రత్త. బీఎస్సీ కాగానే ఏడాది సేఫ్టీ కోర్సు చేస్తే నేరుగా ఆఫీసర్ అయిపోతారని ప్రకటనలు వస్తాయి. ఫ్యాక్టరీల పాత నియమాల్లో ఇంజినీరింగ్ డిగ్రీ వాళ్ళకు రెండేళ్ళు, డిప్లొమా లేదా ఫిజిక్స్, కెమిస్ట్రీ డిగ్రీ వాళ్ళకు ఐదేళ్ళు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయి అనుభవం అడుగుతారు. అంటే ముందు పని, తర్వాత కోర్సు. ఆ వరుస తిరగేస్తే డబ్బు పోతుంది, హెల్మెట్ పంచే సూపర్‌వైజర్ పని మిగులుతుంది.

మంచి వార్త కూడా ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం 500 మంది పనిచేసే ఫ్యాక్టరీలో, ప్రమాదకర ప్రక్రియ ఉంటే 250 మందికే, గనిలో అయితే 100 మందికే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. పాత ఫ్యాక్టరీ చట్టంలో ఈ అంకె 1000. కుర్చీలు పెరుగుతాయి. ఇంకో సంగతి, సేఫ్టీ ఆఫీసర్‌కు ఆ ప్రాంతంలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష తెలిసి ఉండాలని పాత నియమాల్లోనే రాసి ఉంది. తెలుగు, హిందీ, మరాఠీ మూడూ వచ్చిన బల్లార్షా పిల్లకు ఇంతకన్నా మంచి సిఫారసు లేఖ ఉండదు. బయోడేటాలో భాషలను చివర్లో చిన్న అక్షరాలతో రాస్తాం కదా, ఈ రంగంలో పైన రాయండి.

ఒంటికి ముప్పు ఈ దారిలోనే ఎక్కువ. యాజమాన్యం జీతమిస్తుంటే యాజమాన్యం తప్పు రాయడం కూడా ఈ కుర్చీలోనే. ఆ టెన్షన్ పడలేని పిల్లలు ఉంటారు. వాళ్ళకు ల్యాబే మేలు.

నాలుగో దారి: ప్రజారోగ్యంలో పీజీ

ఏ డిగ్రీ అయినా పరవాలేదనుకునే కోర్సులు కొన్ని ఉన్నాయి, కొన్ని నర్సింగ్, సైన్సు వాళ్ళకే. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, కోల్‌కతాలో 1932 నుంచి ఉన్న అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ, ఈ మూడూ చూడదగ్గవి. గాలి కొలవడం కాదు, ఆ గాలి పీల్చిన ఊళ్ళో ఎవరికి ఏ జబ్బు, ఎందుకు అని లెక్కగట్టడం ఇక్కడ నేర్పుతారు. ఖర్చు ఎక్కువ, ఊరికి దూరం, చదివాక పని కూడా చాలావరకు ముంబయి, ఢిల్లీ, హైదరాబాద్‌లలోనే. గడ్చిరోలిలో సర్చ్ సంస్థ లాంటివి ఊరిని వదలకుండా పరిశోధన చేసి చూపించాయి, అయితే అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంగ్లిష్‌లో ఇరవై పేజీలు రాయడం అలవాటు లేని పిల్లలు మొదటి సెమిస్టర్‌లో బెంబేలెత్తుతారు. తెలివి సంగతి కాదు, అలవాటు సంగతి. ఉద్యోగం చేస్తూ రుచి చూడాలనుకుంటే ఇగ్నోలో పర్యావరణ, వృత్తి ఆరోగ్యం మీద దూరవిద్యలో పీజీ డిప్లొమా ఉంది.

ఈ దారిని నేను చివర పెట్టినా, ఒక రకం పిల్లలకు ఇదే మొదటిది కావాలి. ఎవరికంటే...

దాఖలా: మన తాత ఎప్పుడొచ్చాడు?

సరిహద్దు నదికి అటు ఇటు ఒకే కులం, ఒకే మాట, ఒకే పెళ్ళిళ్ళు. చట్టం అలా చూడదు. 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా ఉన్న కుటుంబం నుంచి చిన్నప్పుడే ముంబయి వచ్చిన తెలుగు కుర్రాడు ఆయన, అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని కోర్టు చెప్పింది. అందుకే మహారాష్ట్రలో ఎస్సీకి 1950 ఆగస్టు 10 నాటికి, ఎస్టీకి 1950 సెప్టెంబరు 6 నాటికి, ఓబీసీకి 1967 అక్టోబరు 13 నాటికి కుటుంబం ఇక్కడే ఉన్నట్టు రుజువు అడుగుతారు. కులం రాసి ఉన్న పాత కాగితమే రుజువు: తాత బడి రిజిస్టరు, కోత్వాల్ బుక్ (ఊరి జనన మరణాల పాత రిజిస్టరు) నకలు, భూమి రికార్డు.

ఇప్పుడు మూడు రకాల ఇళ్ళు.

సిరోంచ వాళ్ళు తరతరాలుగా అక్కడే. 1982లో గడ్చిరోలి వేరే జిల్లా అయింది కాబట్టి అంతకు ముందు రికార్డులు పాత చాందా జిల్లావి. వెతికితే దొరుకుతాయి.

రాజురా వైపు కథ వేరు. ఆ తాలూకా నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, 1956లో నాందేడ్‌కు, 1959లో చాందాకు వచ్చింది. తాత కాగితం ఉర్దూలో ఉంటుంది, ఏడాది ఫసలీలో (నిజాం కాలపు సంవత్సర లెక్క) ఉంటుంది. మా పక్కింటి వాళ్ళ కాగితం మీద 1347 అని ఉంటే ఆఫీసులో గుమస్తా నవ్వాడట. 590 కలిపితే 1937 వస్తుంది. రిటైరైన ఉర్దూ మాస్టరు ఒకాయన చదివి తర్జుమా రాసిచ్చేదాకా ఆ ఫైలు కదల్లేదు. ఈలోగా ఆ పిల్ల ప్రవేశాల గడువు పదకొండు రోజుల తేడాతో దాటిపోయింది. ఓపెన్ సీటులో, పూర్తి ఫీజుతో చేరింది. జివతి తాలూకాలో రెండు రాష్ట్రాల మధ్య నలుగుతున్న 14 ఊళ్ళలో ఇళ్ళకు రెండు వైపుల కాగితాలూ ఉంటాయి. అదృష్టం అనుకుంటారు గానీ, రెండు చోట్లా వాడితే రెండూ పోతాయి. ఒక వైపు ఎంచుకుని అన్నీ అటే పెట్టుకోవాలి.

మూడో రకం మాలాంటి వాళ్ళం. బొగ్గు బావుల్లో, మిల్లుల్లో పని కోసం 1950 తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి వచ్చిన వాళ్ళం. రాష్ట్ర కోటా మనకు రాదు. చాలామంది ఇక్కడితో వదిలేస్తారు, తెలియనిది ఏంటంటే తండ్రి సొంత రాష్ట్రపు దాఖలా ఆధారంగా వలస కుటుంబాలకు ఇచ్చే ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో, కేంద్ర ఉద్యోగాల్లో పనిచేస్తుంది. అంటే నాలుగో దారిలోని కేంద్ర సంస్థలు ఈ పిల్లలకే ఎక్కువ తెరిచి ఉన్నాయి. బీఎస్సీ ఇక్కడ ఓపెన్‌లో చదివి, పీజీకి కేంద్ర సంస్థకు వెళ్ళడం, మూడో రకం ఇళ్ళకు నేను చెప్పే దారి ఇదే.

కులంతో సంబంధం లేని సాయం కూడా ఉంది. పారిశుద్ధ్య పని, ఆరోగ్యానికి ముప్పున్న పనులు చేసేవాళ్ళ పిల్లలకు బడి దశలో కేంద్ర ఉపకారవేతనం ఉంది, ఏ కులమైనా వస్తుంది. సఫాయి కర్మచారుల ఆర్థిక సంస్థ పై చదువులకు అప్పు ఇస్తుంది. బీడీ కార్మికుల పిల్లలకు, సున్నపురాయి గనుల కార్మికుల పిల్లలకు కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. గడ్చాందూర్ సిమెంటు క్వారీల ఇళ్ళు దీన్ని వాడుకోవడం నేను చూసింది తక్కువ. బొగ్గు గనులు మాత్రం ఆ జాబితాలో లేవు. భవన నిర్మాణ కార్మికుడిగా బాపు పేరు నమోదై ఉంటే ఆ బోర్డు కూడా ఇస్తుంది. ఆడపిల్లలకు ఇంకోటి: కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్ళకు వృత్తి విద్యా కోర్సుల్లో ట్యూషన్ ఫీజు 2024–25 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వమే కడుతోంది.

ఇంటర్ మంచిర్యాలలోనా, బారావీ (పన్నెండో తరగతి) ఇక్కడా?

సిరోంచ పిల్లలకు ఇది పెద్ద చిక్కు. గడ్చిరోలి రెండొందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. వంతెన దాటితే తెలంగాణ, ఆపైన మంచిర్యాల. అక్కడ చదువు గట్టిగా ఉంటుంది, మాట మనది. అయితే మహారాష్ట్ర వృత్తి విద్యా ప్రవేశాల్లో పది, పన్నెండు రెండూ ఇక్కడే చదివిన స్థానికులకు దారి నేరుగా ఉంటుంది. ఇంటర్ అటు చదివితే తల్లిదండ్రుల డొమిసైల్ పట్టుకుని వేరే వర్గంలో రావాలి. తెలంగాణ వైపు స్థానికత కోసం నాలుగేళ్ళ చదువు లెక్కేస్తారు, రెండేళ్ళ ఇంటర్ దానికి చాలదు. రెండు వైపులా సగం సగం అయిపోతాం. సాదా బీఎస్సీకి వెళ్ళే పిల్లకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఇంజినీరింగ్ సీటు మీద ఆశ ఉంటే మాత్రం బారావీ ఇక్కడే చేయమంటా.

ఎవరికి ఏది

ఇంట్లో వెంటనే జీతం కావాలి, పది పాసయ్యాడు: పాలిటెక్నిక్. పన్నెండు పాసైంది, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, ఊరు దాటనివ్వరు: శానిటరీ డిప్లొమా, ఆ పక్కనే దూరవిద్యలో డిగ్రీ. చేతిలో వ్యాలిడిటీ ఉంది, లెక్కలంటే భయం లేదు: బీఎస్సీ కెమిస్ట్రీ, తర్వాత నాగపూర్. తాత 1950 తర్వాత వచ్చాడు, ఇంగ్లిష్ మీద కూర్చోగలదు: బీఎస్సీ, ఆపైన కేంద్ర సంస్థ. ఏదీ తేలనప్పుడు నేను బీఎస్సీ కెమిస్ట్రీ వైపే మొగ్గుతా, పక్షపాతం అని ముందే చెప్పాను కదా.

సాయం చేసేవాళ్ళకు

మీ చేతిలో పదివేలున్నాయనుకోండి. చాలామంది ఫీజు కట్టేస్తారు. ఫీజు ఎలాగో ఒకలా వస్తుంది, కాలేజీ కూడా కొన్నాళ్ళు ఆగుతుంది. ఆగనివి వేరే ఉన్నాయి: రికార్డు గదికి మూడు సార్లు తిరిగే బస్సు ఛార్జీ, ఆ రోజుల్లో బాపు పోగొట్టుకునే కూలి, సేతు కేంద్రంలో (సర్టిఫికెట్ల దరఖాస్తులు తీసుకునే సేవా కేంద్రం) ఫారాలు, హాస్టల్ సీటు ఖరారయ్యేదాకా రెండు నెలల గది అద్దె, స్కాలర్‌షిప్ ఖాతాలో పడేదాకా మెస్ డబ్బు. పిల్లలు రాలిపోయేది ఈ సందుల్లోనే. హాస్టల్ దొరకని ఎస్సీ పిల్లలకు స్వాధార్, ఎస్టీలకు స్వయం పథకాలున్నాయి. వాటి డబ్బు వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. మీ పదివేలు ఆ ఆలస్యానికి వాడండి, వచ్చాక తిరిగివ్వమనండి, తర్వాతి పిల్లకు పనికొస్తాయి.

డబ్బు లేని వాళ్ళు కూడా చేయగలిగిన పనులున్నాయి. ఒక శనివారం ల్యాబ్‌కు తీసుకురండి. మా దగ్గరికి ఎవరొచ్చినా ఫిల్టర్ పేపర్ చూపిస్తాం. నేను శిక్షణ ఇచ్చిన వాళ్ళలో తూకం దగ్గర చేయి వణకని పిల్లలు ఇద్దరు, ఇద్దరూ బీడీలు చుట్టే ఇళ్ళ వాళ్ళే. చిన్నప్పటి నుంచి ఆకు, పొగాకు సరిగ్గా తూచి చుట్టిన వేళ్ళు.

పదకొండులో చేరిన నెలలోనే వ్యాలిడిటీకి కాగితాలు వెతకడం మొదలుపెట్టించండి, పన్నెండు ఫలితాలు వచ్చాక కాదు. తాత దాఖలా దొరికితే ఐదు జిరాక్సులు తీసి, అసలు కాగితం ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టమనండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. ఉర్దూ సిరా మీద వేడి తగిలి మా పక్కింటి వాళ్ళ కాగితంలో తాత పేరు సగం చెరిగిపోయింది, ఆ మాస్టరు భూతద్దం పెట్టుకుని చదవాల్సి వచ్చింది.